ఆ మాట ఆమెది

ఒక స్త్రీ "ఇది నేను ఇష్టపడి ఎంచుకున్న జీవితమే" అని చెప్పినప్పుడు ఆ మాటను మనం ఎలా వినాలి? నమ్మితే, అణచివేతను అలవాటుగా మార్చేసిన ప్రతి వ్యవస్థకీ మనమే సర్టిఫికెట్ ఇచ్చినట్టవుతుంది. నమ్మకపోతే, ఆమె మనసు ఆమెకు తెలియదు, మనకే తెలుసు అన్నట్టవుతుంది. ఈ రెంటి మధ్యా స్త్రీవాదులు చాలాకాలంగా నలుగుతున్నారు. సెమినార్లలో ఈ ప్రశ్న మీద గంటలు గంటలు వాదించుకున్నాం. కానీ 2023 జూన్‌లో పెన్సిల్వేనియా రాష్ట్రం లాంకాస్టర్ కౌంటీలో, అమిష్ వాళ్ళ పొలాల పక్కనున్న ఒక క్యాంప్‌గ్రౌండ్‌లో మూడు రాత్రులు గడిపినప్పుడు ఈ ప్రశ్న పుస్తకాల్లోంచి బయటికొచ్చి నా ఎదుట నిలబడింది.

అమిష్ గురించి తెలియని వారి కోసం నాలుగు మాటలు. 1693లో స్విట్జర్లాండ్, అల్సాస్ ప్రాంతాల అనాబాప్టిస్టు క్రైస్తవుల్లో చీలిక వచ్చినప్పుడు యాకోబ్ అమ్మన్ అనే మతపెద్ద వెంట నడిచిన వాళ్ళ సంతతి వీళ్ళు. పద్దెనిమిదో శతాబ్దంలో పెన్సిల్వేనియాకు వలస రావడం మొదలుపెట్టారు. 2024 నాటి అంచనాల ప్రకారం ఉత్తర అమెరికాలో వీరి సంఖ్య 4 లక్షలు దాటింది. ఇంట్లోకి కరెంటు తీగ రానివ్వరు. సొంతానికి కారు ఉంచుకోరు, గుర్రబ్బగ్గీల్లో తిరుగుతారు. అలాగని యంత్రాలంటే ద్వేషమేమీ లేదు. ఒక వస్తువు వస్తే సంఘం ఏమవుతుంది అని ముందు అడిగి, తర్వాతే ఒప్పుకోవడమో కాదనడమో చేస్తారు. టెలిఫోన్ ఇంట్లో ఉండదు, పొలం గట్టు మీద చిన్న గదిలో ఉంటుంది. ఏది కూడునో ఏది కూడదో చెప్పే కట్టుబాట్లను ఓర్డ్‌నుంగ్ అంటారు.

వీటన్నిటికంటే నన్ను పట్టి నిలిపిన విషయం ఇంకొకటి ఉంది. వీళ్ళు పసిబిడ్డలకు బాప్తిస్మం ఇవ్వరు. పెరిగి, ఊహ తెలిసి, తనంతట తాను ఒప్పుకున్న మనిషికే ఇస్తారు. ఈ ఒక్క నమ్మకం కోసం పదహారో శతాబ్దపు యూరప్‌లో వీరి పూర్వీకుల్ని నీళ్ళలో ముంచి చంపారు, నిలువునా కాల్చారు. అంటే 'ఎంపిక' అనే మాట మనం బయటినుంచి వాళ్ళ మీద రుద్దే మాట కాదు. వాళ్ళ విశ్వాసానికి అదే పునాది.

ఇక మా మకాం సంగతి. మా పెద్దమ్మ కూతురు, ఆమె భర్త న్యూజెర్సీలో ఉంటారు. అక్కడినుంచి లాంకాస్టర్ రెండు మూడు గంటల దారి. ఆ చుట్టుపక్కల ఉండే తెలుగు కుటుంబాలు సెలవులకు అక్కడికి వెళ్తూనే ఉంటాయి. ఈసారి బావగారు ఒక ఆర్.వి. అద్దెకు తీసుకున్నారు. ఆర్.వి. అంటే చక్రాల మీద ఇల్లు. మంచాలు, గ్యాస్ పొయ్యి, ఫ్రిజ్, ఏసీ, స్నానాల గది అన్నీ అందులోనే. క్యాంప్‌గ్రౌండ్‌లో మనకిచ్చిన జాగాలో బండి నిలిపి కరెంటు ప్లగ్గు పెట్టుకోవాలి, నీళ్ళ గొట్టం బిగించుకోవాలి, మురుగు పోవడానికి ఇంకో గొట్టం తగిలించాలి. ఆ మురుగు గొట్టం పని బావగారిది. అది ఎంత చెడ్డ పనో మా అందరికీ చెప్పి, మెప్పు పొంది, చేతులు కడుక్కున్నారు. మూడు రోజులూ పొయ్యి దగ్గర అక్కా నేనూ ఉన్నాం. మమ్మల్ని ఎవరూ మెచ్చుకోలేదు, మేమూ ఎదురుచూడలేదు. హోటల్‌కి వెళ్తే వంటిల్లు ఇంట్లోనే ఉండిపోతుంది. ఆర్.వి.లో వెళ్తే సెలవుల్లోకి కూడా మన వెంట వస్తుంది.

మా జాగా చివరి వరసలో ఉంది. కంచె అవతల అమిష్ కుటుంబం పొలం, ఇల్లు, పశువుల కొట్టం. ఆదివారం పొద్దున బగ్గీలు వరసగా ప్రార్థనకు వెళ్ళడం చూసి బావగారు, "మన ఊళ్ళు యాభై ఏళ్ళ కిందట అచ్చం ఇలాగే ఉండేవి. ఎంత ప్రశాంతమైన బతుకులు!" అన్నారు. ఈ మాట అక్కడికొచ్చే మనవాళ్ళ నోట చాలాసార్లు వింటాం. అదే ఊరిని మా నాయనమ్మ ఇంకోలా చెప్పేది. తెల్లవారుజామున బావి దగ్గర వంతు కోసం నిలబడటం, పిడకల పొగకు మండే కళ్ళు, పురుడు పోసుకున్న పదో రోజుకే రోట్లో పచ్చడి. ఒకే ఊరు ఒకరికి ప్రశాంతత, ఇంకొకరికి నడుం నొప్పి. అరుగు మీద కూర్చున్న వాళ్ళకీ బావి దగ్గర నిలబడ్డ వాళ్ళకీ ఊరు ఒకేలా గుర్తుండదు కదా.

సోమవారం అమిష్ ఇళ్ళలో బట్టలుతికే రోజు. కొట్టం పైదాకా గిలకల మీద కట్టిన పొడుగాటి దండెం. ఒక తల్లి, ఇద్దరు ఆడపిల్లలు ఒక్కో బట్టా క్లిప్పులు పెట్టి తగిలిస్తూ గిలక లాగుతున్నారు. ఊదా, నీలం, ఆకుపచ్చ గౌన్లు, నల్ల ప్యాంట్లు, చిన్నవి, పెద్దవి వరసలో ఆకాశంలోకి ఎక్కిపోతున్నాయి. చాలా ఇళ్ళలో ఉతకడానికి చిన్న ఇంజనుతోనో గాలి ఒత్తిడితోనో నడిచే యంత్రం ఉంటుంది కానీ ఆరబెట్టే యంత్రం ఉండదు. ఒక్కో ఇంట్లో ఆరుగురు, ఏడుగురు పిల్లలు మామూలే కాబట్టి ఆ చాకిరీ ఎంతో ఊహించుకోవచ్చు. క్యాంప్‌గ్రౌండ్ నుంచి ఇద్దరు ముగ్గురు కంచె దాకా వెళ్ళి ఫోటోలు తీసుకున్నారు. అమిష్ వాళ్ళు ఫోటోలకు నిలబడరు. అది మత విరుద్ధం. అందుకని వచ్చినవాళ్ళు దండేన్ని తీస్తారు. లాంకాస్టర్ పోస్టుకార్డుల మీద ఆ దండెం ఉంటుంది. దాన్ని నింపిన చేతులు ఉండవు.

బొంతల కథా అంతే. అమిష్ క్విల్టులంటే మన బొంతలే, కానీ లెక్కగట్టి కోసిన రంగు ముక్కలతో, సన్నటి కుట్టుతో చేస్తారు. 1971లో న్యూయార్క్‌లోని విట్నీ మ్యూజియం అమెరికన్ బొంతల్ని గోడకు వేలాడదీసి ఆధునిక చిత్రకళ పక్కన నిలబెట్టింది. ఆ తర్వాత కలెక్టర్లు పాత అమిష్ బొంతల కోసం లాంకాస్టర్ ఇళ్ళ వెంట తిరిగారు. కొన్నవాళ్ళ పేర్లు నిలిచాయి, కుట్టినవాళ్ళలో చాలామంది పేర్లు నిలవలేదు. గిరాకీ పెరిగాక ఇంకో మార్పు వచ్చింది. వియత్నాం యుద్ధం తర్వాత లావోస్ నుంచి శరణార్థులుగా వచ్చిన మోంగ్ తెగ స్త్రీలు కుట్టుపనిలో ఆరితేరినవాళ్ళు. 1980ల నుంచి లాంకాస్టర్ దుకాణాల్లో అమ్ముడైన ఎన్నో బొంతల మీద వాళ్ళ చేతిపని ఉంది. కొనేవాళ్ళకు మాత్రం అది 'అమిష్' బొంతే. సాదాసీదాతనాన్ని డబ్బిచ్చి కొనుక్కునే మనిషికి దాని వెనుక ఒక శరణార్థి స్త్రీ ఉందని తెలియాల్సిన అవసరం లేదు.

మెచ్చుకోవడం ఒక రకం చూపు అయితే, జాలిపడటం ఇంకో రకం. అక్కది రెండోది. "ఎనిమిదో తరగతితో చదువు ఆపేస్తారటవే. ఆ ఆడపిల్లలు ఇంకేం అవుతారు?" అంది. ఈ మాటను తేలిగ్గా తీసెయ్యలేం. ఎందుకంటే దీని మీద అమెరికా సుప్రీంకోర్టులో కేసే నడిచింది. విస్కాన్సిన్ రాష్ట్రంలో పదహారేళ్ళు నిండేదాకా పిల్లల్ని బడికి పంపాలని చట్టం. ఎనిమిది తర్వాత పంపమన్న ముగ్గురు తండ్రులకు తలా 5 డాలర్ల జరిమానా పడింది. 1972 మేలో కోర్టు తండ్రుల పక్షాన తీర్పిచ్చింది. మత స్వేచ్ఛకు సంబంధించి ఆ తీర్పును ఇప్పటికీ ఉదహరిస్తారు.

అందులో న్యాయమూర్తి విలియం డగ్లస్ రాసిన పాక్షిక అసమ్మతిని నేను ఎన్నిసార్లు చదివానో. ఆయన వేసిన ప్రశ్న చాలా మామూలుది. ఇక్కడ తండ్రుల మత స్వేచ్ఛ గురించే మాట్లాడుతున్నాం, పిల్లల్ని అడిగారా? ఆ పిల్లవాడికి పియానో వాయించాలని ఉందేమో, అంతరిక్షంలోకి వెళ్ళాలని ఉందేమో. సాక్ష్యం చెప్పిన పిల్ల ఒక్కతే, పదిహేనేళ్ళ ఫ్రీడా యోడర్. హైస్కూలుకు వెళ్ళకపోవడం తన సొంత విశ్వాసం వల్లేనని ఆమె చెప్పింది. డగ్లస్ ఆ జవాబును గౌరవించి ఆమె తండ్రి విషయంలో మిగతా న్యాయమూర్తులతో ఏకీభవించాడు. మిగిలిన ఇద్దరు పిల్లలు, ఒక అమ్మాయి, ఒక అబ్బాయి, అసలు మాట్లాడలేదు. వాళ్ళ విషయంలో ఒప్పుకోనన్నాడు.

పదిహేనేళ్ళ పిల్ల తండ్రి మీద నడుస్తున్న కేసులో నిలబడి ఇంకేం చెప్పగలదు అని అనుమానం రావడం సహజమే. మార్తా నుస్‌బామ్ 2000లో వచ్చిన పుస్తకంలో మన మహబూబ్‌నగర్ దగ్గరి ఆడవాళ్ళ గురించి రాసింది. తిండి చాలక, ఊళ్ళో నమ్మదగ్గ మంచినీళ్ళు లేక బతుకుతున్నా, ప్రభుత్వ చైతన్య కార్యక్రమం వచ్చేదాకా వాళ్ళలో దానిమీద కోపం కనిపించలేదని. వేరే బతుకు ఉంటుందని తెలియనప్పుడు ఉన్న బతుకుతో సర్దుకుపోతాం, ఆ సర్దుబాటునే ఇష్టం అనుకుంటాం అని ఆమె వాదన. అయిదేళ్ళ తర్వాత సబా మహమూద్ కైరో మసీదుల్లో మతాధ్యయనం చేసే స్త్రీల గురించి రాస్తూ దీనికి ఎదురు ప్రశ్న వేసింది. ఎదిరించినప్పుడే స్త్రీకి స్వతంత్ర బుద్ధి ఉన్నట్టా, భక్తితో తనను తాను తీర్చిదిద్దుకునే స్త్రీకి లేనట్టా అని. నా మట్టుకు ఈ ఇద్దరిలో ఎవరినీ వదులుకోలేను. మహబూబ్‌నగర్ స్త్రీల కోపం తర్వాత వచ్చింది కాబట్టి అంతకు ముందరి మౌనం సుఖం కాదని తెలుస్తుంది. కానీ ప్రతి స్త్రీ భక్తి కిందా అణిగిన కోపం ఉండే తీరుతుందని అనడానికి నాకు ఏ అధికారమూ లేదు.

సోమవారం మధ్యాహ్నం రోడ్డు పక్కన స్ట్రాబెర్రీ జాము, పచ్చళ్ళ సీసాలు అమ్ముతున్న ఒక అమిష్ ఆవిడ దగ్గర ఆగాం. ముప్పై దాటి ఉంటాయి, ఇంచుమించు నా వయసే. మేము అడగాల్సినవి అడిగేలోపు ఆవిడే అక్కను అడిగింది, పిల్లలెందరు, పురుళ్ళప్పుడు దగ్గర ఎవరున్నారు అని. అక్క ఒక్క క్షణం ఆగి, "మా అమ్మ వచ్చింది, ఆర్నెల్లు ఉండి వెళ్ళిపోయింది" అంది. ఆవిడ తన అయిదో కాన్పు సంగతి చెప్పింది. చుట్టుపక్కల ఆడవాళ్ళు వారాల తరబడి వంతులేసుకుని వచ్చి వంట, ఉతుకు, పెద్దపిల్లల పని చూశారట. అక్కచెల్లెళ్ళంతా ఒక ఇంట్లో చేరి పళ్ళు సీసాల్లో నిలవచెయ్యడం, బొంతలు కుట్టడం ఇప్పటికీ ఉందట. ఆ మాటల్లో గొప్పలు లేవు. తిరిగొచ్చేటప్పుడు అక్క చాలాసేపు మాట్లాడలేదు. అప్పటిదాకా జాలి ఒక దిక్కుకే నడిచింది. ఆ బల్ల దగ్గర అది దారి మరిచిపోయింది.

ఆ సాన్నిహిత్యాన్ని నేను తక్కువ చెయ్యను. ఆ చిన్న వ్యాపారం ఆవిడదే. అమిష్ ఆడవాళ్ళు నడిపే దుకాణాలు లాంకాస్టర్‌లో చాలానే ఉన్నాయి. వాళ్ళ ఒంటిగది బళ్ళలో పాఠాలు చెప్పేది కూడా ఎక్కువగా పెళ్ళికాని అమ్మాయిలే. మతగురువు పదవికి పేర్లు సూచించే హక్కు స్త్రీలకుంది, ఆ పదవి మాత్రం లేదు. విడాకులు లేవు. బాప్తిస్మం తీసుకోకముందు బయటికి వెళ్ళిపోతే వెలి ఉండదు. తీసుకున్నాక వెళ్తే వెలి ఉంటుంది, కన్నవాళ్ళతో ఒక బల్ల దగ్గర కూర్చుని తినడం కూడా కష్టమవుతుంది. అయితే పద్దెనిమిది, ఇరవై ఏళ్ళ పిల్ల ఎనిమిదో తరగతితో, చేతిలో డబ్బు లేకుండా, బయట ఒక్క మనిషీ తెలియకుండా ఎక్కడికి వెళ్తుంది? వెళ్ళొచ్చు అనడం వేరు, వెళ్ళి నిలబడగలగడం వేరు. పుట్టిల్లు దూరమై, సొంత సంపాదన లేక, కాపురం వదిలిరాలేని మన ఆడవాళ్ళకు ఈ తేడా ఎవరూ విడమరిచి చెప్పనక్కర్లేదు.

ఆ ఊళ్ళకు కొన్ని మైళ్ళ దూరంలో నికెల్ మైన్స్ ఉంది. 2006 అక్టోబర్ 2న ఒక బయటి మనిషి అక్కడి అమిష్ బడిలో జొరబడి, మగపిల్లల్ని బయటికి పంపేసి, ఆడపిల్లల్ని ఉంచుకుని కాల్చాడు. అయిదుగురు చనిపోయారు. అదే రోజు అమిష్ వాళ్ళు హంతకుడి భార్య ఇంటికి వెళ్ళి ఓదార్చారు, క్షమించామన్నారు. ప్రపంచమంతా ఆ క్షమకు చేతులెత్తి మొక్కింది. ఒక విధవరాలి దుఃఖాన్ని తమ దుఃఖంతో సమానంగా చూడగలిగిన ఆ మనసు ముందు నేనూ తలవంచుతాను. కానీ క్షమ ఒక సంఘానికి కట్టుబాటు అయినప్పుడు దాన్ని ఎవరి దగ్గర్నుంచి వసూలు చేస్తారో కూడా చూడాలి. 2020లో అమెరికా పత్రికల్లో వచ్చిన పరిశోధనాత్మక కథనాల్లో, ఇంట్లోనే లైంగిక హింసకు గురైన అమిష్ స్త్రీలు తమ కథలు చెప్పారు. తప్పు చేసినవాడు సంఘం ముందు ఒప్పుకుని, కొన్ని వారాలు వెలి అనుభవిస్తే వ్యవహారం ముగిసిపోతుంది. ఆ తర్వాత క్షమించలేని పిల్లే దోషి. 'క్షమించాను' అనే మాట ఆమె నోట్లోంచి రాకముందే ఆమె తరఫున వేరేవాళ్ళు పలికేశారు. ఇలాంటి ఇళ్ళు అమిష్ ఊళ్ళలోనే ఉన్నాయనుకునే పాఠకులు ఈ పత్రికకు ఉండరనుకుంటాను.

ఇక అక్క సంగతి. ఆమె అనుమతి తీసుకునే రాస్తున్నాను. ఇక్కడ డిగ్రీ కాలేజీలో కెమిస్ట్రీ చెప్పేది. 2008లో పెళ్ళయి, భర్త మీద ఆధారపడిన హెచ్-4 వీసా మీద వెళ్ళింది. ఆ వీసా మీద ఉద్యోగం చెయ్యకూడదు. 2015 మే నుంచి ఆ వీసాదారుల్లో కొందరికి, భర్త లేక భార్య గ్రీన్‌కార్డు దరఖాస్తు ఒక దశ దాటితే, పని చేసే అనుమతి ఇచ్చారు. అది అక్క చేతికొచ్చేసరికి ఎనిమిదేళ్ళు గడిచాయి, ఇద్దరు పిల్లలు పుట్టారు, పాత ఉద్యోగం ఎవరికీ పనికిరాని అనుభవంగా మిగిలింది. భర్త ఉద్యోగం పోతే ఆమె అక్కడ ఉండే హక్కూ పోతుంది. ఆయన్ని వదిలేసినా అంతే. ఆ రాత్రి పిల్లలు పడుకున్నాక, "నీకెప్పుడూ కోపం రాలేదా?" అని అడిగాను. "నన్నెవరు బలవంతం చేశారు? నేనే వస్తానన్నాను కదే" అంది. ఎమ్మెస్సీ చదివిన మనిషి. ఫ్రీడా యోడర్ పదిహేనేళ్ళ వయసులో కోర్టులో చెప్పింది ఇదే మాట.

అక్క మాటను నేను నమ్ముతాను. అబద్ధమాడుతోందనో, తనను తాను మభ్యపెట్టుకుంటోందనో అనడం నా వల్ల కాదు. కానీ ఆ మాటను పట్టుకుని బావగారో, మా పెద్దమ్మో, ఆ వీసా చట్టం రాసినవాళ్ళో "చూశారా, తనే ఒప్పుకుంది, ఇక ఇందులో అన్యాయమేముంది?" అంటే మాత్రం ఒప్పుకోను. నాకు అర్థమైనంతలో మొదట్లో వేసిన ప్రశ్నే సరిగ్గా లేదు. నమ్మాలా వద్దా అన్నది కాదు సమస్య. 'నేను ఎంచుకున్నాను' అనేది ఒక స్త్రీ తన జీవితం గురించి తాను చెప్పుకునే మాట. తన రోజుల్ని మొయ్యడానికి, తన మర్యాద నిలుపుకోవడానికి ఆమెకు ఆ మాట అవసరం కావచ్చు, అది పూర్తిగా నిజమూ కావచ్చు. ఆ మాట ఆమెది. దాన్ని వ్యవస్థ తరఫున సాక్ష్యంగా వాడుకునే హక్కు తండ్రికి లేదు, సంఘానికి లేదు, కంచె ఇవతల నిలబడి ముచ్చటపడే మనకూ లేదు. వ్యవస్థను తూచడానికి వేరే తూనికలు కావాలి. వద్దనుకుంటే ఆమె ఏమేం పోగొట్టుకుంటుంది? బయటికొస్తే నిలబడటానికి చదువో, డబ్బో, మనుషులో ఏమైనా ఉన్నాయా? బయటికి రాకుండా, లోపలే ఉండి 'ఇది నాకు ఇష్టం లేదు' అని చెబితే ఆ మాటకు చోటుందా?

ఈ మూడోదే నాకు అన్నిటికంటే ముఖ్యమనిపిస్తుంది. చాలామంది ఆడవాళ్ళు వెళ్ళిపోవాలనుకోరు. ఆ జాము సీసాల ఆవిడ తన అక్కచెల్లెళ్ళను, తన దేవుణ్ణి, తన భాషను వదులుకోవాలని నేనూ కోరను. ఉన్నచోటే ఉంటూ కాదనగలగడం ఆమెకు కావాలి, అక్కకూ కావాలి. ఈ ప్రశ్నల దగ్గర అమిష్ ఇల్లూ, న్యూజెర్సీ అపార్ట్‌మెంటూ, హైదరాబాద్‌లో నేనుండే వీధీ ఒకే వరసలో నిలబడతాయి. జవాబులు మాత్రం ఒకటి కావు. పురుటికి ఆదుకునే ఆడవాళ్ళ గుంపు ఒకచోట ఉంది, చదువు ఇంకోచోట ఉంది, రెండూ ఉన్నచోటు నేనింకా చూడలేదు.

ఫ్రీడా జవాబు నాకు నచ్చిందా లేదా అన్నది అనవసరం. ఆమెను పిలిచి అడిగారు, ఆమె చెప్పింది, కాగితం మీద రాసుకున్నారు. మిగతా ఇద్దరు పిల్లలు ఏమనుకున్నారో ఆ కేసు కాగితాల్లో లేదు. వాళ్ళ తండ్రులు గెలిచారని మాత్రం ఉంది.